చివరి గది మా గదిలోకి వచ్చాక

మా క్లినిక్ కౌన్సిలరుకు బదిలీ వచ్చింది. వీడ్కోలు సభలో చదవడానికి ఆమె గురించి రెండు పేజీలు రాసివ్వమని డాక్టరమ్మ నన్నే అడిగింది. "ఇద్దరిదీ ఒకటే గది కదా మేడమ్, మీకంటే బాగా ఎవరికి తెలుసు?" అంది. రాసిచ్చాను. ఓర్పు, మంచితనం, చిరునవ్వు, అన్నీ పెట్టాను. చదువుతుంటే అందరూ చప్పట్లు కొట్టారు, ఆమె కళ్ళు తుడుచుకుంది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఆమె అంటే నాకెంత కుళ్ళో అందులో ఒక్క ముక్క కూడా రాయలేదు కాబట్టి, ఇది విడిగా రాస్తున్నాను.

నేను తల్లుల గదిలో నర్సుని. పంతొమ్మిదేళ్ళుగా అదే గది, అదే కిటికీ, చక్రం ఒకటి ఊడిన అదే ట్రాలీ. గర్భిణులకు నెలనెలా పరీక్షలు, పిల్లలు ఇప్పుడే వద్దనుకునేవాళ్ళకు మాత్రలు, ఇంజెక్షన్లు, లూపులు, అన్నీ నా చేతుల మీదుగానే జరుగుతాయి. ఆడవాళ్ళు నన్ను చాటుగా హెడ్మిస్ట్రెస్ అంటారని నాకు తెలుసు. మాత్ర మరిచిపోయి వచ్చినవాళ్ళకు చీవాట్లు పెడతాను మరి. ఆరు నిమిషాలకొకరిని చూసి పంపితే తప్ప మా వరండాలో వరస తరగదు.

ఆమెది చివరి గది. హెచ్.ఐ.వి. పరీక్షలు, మాత్రలు, మాటలు చెప్పడం అక్కడ. వరండా చివర మందుల స్టోరు దాటి మలుపు తిరిగితే వస్తుంది. ఆ మలుపు తిరిగిన మనిషి ఎందుకు తిరిగిందో బెంచీల మీద కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. గర్భిణులకు ఆ పరీక్ష చేయించాలంటే నేను చీటీ రాసి "చివరి గదికి వెళ్ళు" అనేదాన్ని. పదిమందికి రాస్తే నలుగురు వెళ్ళేవాళ్ళు. మిగతావాళ్ళు చీటీ నలిపి గేటు దగ్గర పారేసి ఇంటికి పోయేవాళ్ళు. ఊడ్చే ఆయమ్మ వాటిని ఏరుకొచ్చి నా బల్ల మీద పోసి, "మీ ఉత్తరాలు మేడమ్, తిరుగు టపాలో వచ్చాయి" అనేది. అటునుంచి ఇటు రావడమూ అంతే. హెచ్.ఐ.వి. ఉన్న ఆడవాళ్ళకు మాత్రం పిల్లలు కావాలనో వద్దనో ఉండదా? దాని కోసం వాళ్ళు వేరే రంగు కార్డు పట్టుకుని నా వరసలో నిలబడాలి. ఎవరు నిలబడతారు?

అందుకే పైనుంచి ఉత్తర్వు వచ్చింది. రెండు గదులూ ఒకటి కావాలి. ఒకే వరస, ఒకే రంగు కార్డు. ఏ పని మీద వచ్చిన ఆడమనిషినైనా ఒకే కుర్చీలో కూర్చోబెట్టి, కడుపు సంగతీ రక్తపరీక్ష సంగతీ రెండూ అక్కడే తేల్చి పంపాలి. ఆమె పని నేను, నా పని ఆమె నేర్చుకోవాలని మూడు రోజులు శిక్షణ కూడా ఇచ్చారు. మంచి పద్ధతే. ఇంకెవరి గదిలోనైనా అయితే నేనే ముందు చప్పట్లు కొట్టేదాన్ని.

ఒక సోమవారం ఆమె ఒక బల్ల, ఒక బీరువా, ఒక స్టూలుతో నా గదిలోకి దిగింది. "మీకెటువైపు ఇబ్బంది లేదో చెప్పండి మేడమ్, అటే వేసుకుంటాను" అంది. కిటికీ నాది, ఫ్యాను నా నెత్తి మీదే ఉంది, కాబట్టి గోడ వైపు చూపించాను. మారుమాట లేకుండా సర్దుకుంది. మధ్యలో ఆకుపచ్చ తెర కట్టారు. ఆ రోజు ఆమె నాతో పోట్లాడి ఉంటే నాకు ఎంతో హాయిగా ఉండేది.

నాకంటే పదేళ్ళు చిన్నది. భర్త పోయి ఎనిమిదేళ్ళట, అత్తగారిని తన దగ్గరే పెట్టుకుందట. ఈ ఉద్యోగానికి ముందు ఏదో కంపెనీలో ఫోనులో ఫిర్యాదులు వినే పని చేసిందని ఆయమ్మ చెప్పింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరెన్ని తిట్టినా వినడమే జీతం. ఆ వినడం ఆమెకు వంటబట్టేసింది. వచ్చిన మనిషికి ఎదురుగా కూర్చోదు, స్టూలు లాక్కుని బల్ల మూల దగ్గర పక్కన కూర్చుంటుంది. ఆ మనిషి మాట్లాడుతున్నంతసేపూ పెన్ను మూత తియ్యదు, వెళ్ళిపోయాకే రాస్తుంది. వేలికి సూది గుచ్చి రక్తపు చుక్క తీశాక ఫలితం తేలడానికి ఇరవై నిమిషాలు పడుతుంది కదా, ఆ ఇరవై నిమిషాలూ ఇంటి సంగతులు అడుగుతూ కూర్చుంటుంది. ఆ లోపు నేను ముగ్గురిని పంపించేస్తాను. ఆమె గొంతు మాత్రం తెర దాటి ఇవతలికి రాదు. చెవులు ఎంత రిక్కించినా ఒక్క ముక్క దొరకదు. గుసగుసలమ్మ అని పేరు పెట్టాను. ఆయమ్మ ఒక్కతే నవ్వింది, అది కూడా నా ముఖం చూసి.

మూడో వారానికల్లా మొదలైంది. నా వరసలోంచి వచ్చినామె నా కుర్చీలో కూర్చోకుండా తెర వైపు మెడ చాచి, "అక్క ఉందా?" అంది. అక్క! పంతొమ్మిదేళ్ళ నుంచి వీళ్ళ కడుపులు చూస్తున్నాను, వీళ్ళ అమ్మల కడుపులు కూడా చూశాను. నేను ఇప్పటికీ మేడమ్‌నే. నిన్న గాక మొన్న గోడ వైపు బల్ల వేసుకున్నామె అక్క అయిపోయింది. "ఉంది, వెళ్ళు" అన్నాను. నా ముఖం ఎలా ఉందో నాకు తెలియదు గానీ ఆ మనిషి "వద్దులెండి మేడమ్, మీరే చూడండి" అని భయంభయంగా కూర్చుంది. అది ఇంకా పుండు మీద కారం చల్లినట్టయింది.

అంతమందిలో నాకే సొంతమని నేను అనుకున్న మనిషి ఒకతి ఉంది. లాండ్రీలో ఇస్త్రీ చేసే అమ్మాయి. ఇరవై నాలుగేళ్ళుంటాయి. మణికట్టు మీద ఎప్పుడూ ఒక కాలిన మచ్చ ఉంటుంది, ఒకటి మానేలోపు ఇంకొకటి. రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండుసార్లూ నా దగ్గరే ఏడ్చింది. మూడోసారి నిలిచి అయిదో నెల పడింది. ఈ గది మారక ముందు రెండుసార్లు చివరి గదికి చీటీ రాసిచ్చాను, రెండుసార్లూ వెళ్ళలేదు. ఆమె నన్నే వెతుక్కుంటూ వస్తుంది, తెర వైపు చూడను కూడా చూడదు. ఆ అమ్మాయి వచ్చిన రోజు కావాలనే కాస్త గట్టిగా మాట్లాడేదాన్ని, అవతలికి వినబడాలని.

కొత్త పద్ధతి ప్రకారం ఆమెకు హెచ్.ఐ.వి. పరీక్ష నేనే చేశాను. గీతలు రెండు వచ్చాయి, అంటే ఉందని గుర్తు. చెయ్యాల్సిన మిగతా రెండు పరీక్షలూ చేశాను. అవీ అదే చెప్పాయి.

ఇన్నేళ్ళలో ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. నా పని చీటీ రాయడం వరకే, చెప్పే కష్టం ఎప్పుడూ చివరి గదిదే. మొదటిసారి చెప్పేటప్పుడు పక్కన ఇంకొకరిని పిలుచుకోండని శిక్షణలో పదిసార్లు చెప్పారు. ఆ ఇంకొకరు నాకు మూడడుగుల దూరంలో తెర వెనక ఖాళీగానే ఉంది. పిలవలేదు. ఈ పిల్ల నాది, నేనే చెప్పుకుంటాను అనుకున్నాను. ఇది కూడా ఆమె ఖాతాలోకి పోతే ఇక నాకంటూ ఎవరు మిగులుతారు?

చెప్పాను. తప్పు ఒక్కటీ చెప్పలేదు. నీకు హెచ్.ఐ.వి. ఉంది, ఇవాళ్టి నుంచే మాత్రలు వేసుకోవాలి, రోజూ ఒకే వేళకు వేసుకోవాలి, ఇక ఎప్పటికీ మానకూడదు, అలా వేసుకుంటే నీకూ బాగుంటుంది, బిడ్డకు రాకుండా కాపాడుకోవచ్చు, కాన్పు పెద్దాసుపత్రిలో, మీ ఆయనకూ పరీక్ష చేయించాలి, నెల తర్వాత మళ్ళీ రా. ఆమె ప్రతి మాటకూ తల ఊపింది. "అర్థమైందా?" అంటే ఊపింది. నెలకు సరిపడా మాత్రలు చేతిలో పెట్టాను. ఏడవను కూడా ఏడవలేదు. ఎంత బాగా చెప్పానో అని మురిసిపోయాను. గుసగుసలమ్మకు గంట పట్టే పని ఆరు నిమిషాల్లో అయిపోయింది.

నెల తిరిగింది. ఆమె రాలేదు.

మా దగ్గర శుక్రవారం పద్ధతి ఒకటుంది. రావాల్సిన రోజున రానివాళ్ళ నంబర్లు నేను ఒక కాగితం మీద రాసి కౌన్సిలరుకు ఇవ్వాలి. ఆమె వాళ్ళకు ఫోను చెయ్యడమో, వెళ్ళి కలవడమో చేస్తుంది. ఆ శుక్రవారం జాబితాలో ఇస్త్రీ అమ్మాయి నంబరు రాయలేదు. రాస్తే ఆమె వెళ్తుంది, పక్కన కూర్చుంటుంది, ఆ పిల్ల కూడా "అక్కా" అంటుంది. నేను ఓడిపోయానని రాతపూర్వకంగా ఒప్పుకున్నట్టు అవుతుంది. రెండో శుక్రవారమూ రాయలేదు. కడుపులో బిడ్డకు మందు అందుతోందో లేదో తెలియదు, నాకు మాత్రం నా పరువు ముఖ్యమైపోయింది. జరిగింది ఇదే.

నేనే వెతికి పట్టుకుందామని లాండ్రీకి వెళ్ళాను. ఎందుకు అడుగుతున్నావంటే చెప్పకూడదు కదా, అందుకని రెండు దుప్పట్లు ఇస్త్రీకి పట్టుకెళ్ళాను. పుట్టి బుద్ధెరిగాక దుప్పటి ఇస్త్రీ చేయించింది లేదు. "ఆ అమ్మాయి ఉంటే తనకే ఇవ్వండి, మడత బాగా పెడుతుంది" అన్నాను. లాండ్రీ ఆయన "సెలవులో ఉందండీ" అన్నాడు. నాలుగు రోజులాగి మళ్ళీ వెళ్ళాను, సెలవే. మూడోసారి మా ఆయన మంచం మీదున్న దుప్పటి కూడా లాగేసుకుని వెళ్ళాను. "ఏమిటే, ఇంట్లో ఏమైనా పెళ్ళా?" అన్నాడాయన. లాండ్రీ ఆయన ఈసారి నా కళ్ళలోకి చూడకుండా సెలవన్నాడు.

నాలుగో శుక్రవారం జాబితా రాస్తూ లెక్క చూసుకున్నాను. ఏడో నెల వచ్చేసింది. మాత్రలు అయిపోయి దగ్గర దగ్గర నెల. ఇంకా ఆలస్యమైతే కాన్పు నాటికి ఏం చెయ్యగలం? ఆదివారం మధ్యాహ్నం కౌన్సిలరు ఇల్లు కనుక్కుంటూ వెళ్ళాను.

సైకిళ్ళు బాగుచేసే కొట్టు మీద రెండు గదులు. మెట్ల మధ్యలో ఉండగానే పైనుంచి అరుపులు. "అత్తయ్యా! మాత్ర! తెల్లది! భోజనం ముందే!" వీధి మొత్తానికి వినబడేలా అరుస్తోంది. మా గుసగుసలమ్మే! అత్తగారికి చెవులు బొత్తిగా పనిచెయ్యవని పైకి వెళ్ళాక తెలిసింది. ఒక్క క్షణం నా దిగులంతా మరిచిపోయి సంతోషించాను, దాచడం ఎందుకు.

నన్ను చూసి కంగారు పడింది. కుర్చీ వేసింది. తను అలవాటుగా స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది. ఏమేమో అనుకుని వచ్చాను. అవేవీ కాకుండా ఉన్నదే చెప్పేశాను.

"ఇస్త్రీ అమ్మాయి రావడం లేదు. నెల దాటింది. నేను జాబితాలో రాయలేదు. కావాలనే రాయలేదు."

ఆమె స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

"నా వల్ల ఆ బిడ్డకు ఏమైనా అయితే..." అన్నాను.

"ఏం కాదు మేడమ్. ఆమె మాత్రలు వేసుకుంటోంది" అంది.

"ఎవరిచ్చారు?"

"నేనే. మీరు చెప్పిన ఎనిమిదో రోజున వచ్చింది. ఆ తర్వాత ప్రతి పదిహేను రోజులకూ వస్తోంది. మంగళవారాలు."

మంగళవారాలు నేను టీకాలు వెయ్యడానికి బయట పేటలకు వెళ్తాను. ఆ రోజు నా కుర్చీలో పక్క క్లినిక్ నర్సు కూర్చుంటుంది. అంతా రిజిస్టరులో రాసే ఉంది. కానీ మంగళవారం పేజీలు నేను తిప్పను. నా కుర్చీలో కూర్చుని ఇంకొకరు రాసిన అక్షరాలు చూస్తే నాకు ఒళ్ళు మంట. అంటే ఒక్క పేజీ వెనక్కి తిప్పి ఉంటే అన్నీ తెలిసేవి.

ప్రాణం లేచొచ్చింది. ఆ వెనకే కడుపు మండిపోయింది. "ఇన్నాళ్ళూ నాతో ఒక్క మాట అనలేదేం? మూడడుగుల దూరంలో కూర్చుని! దుప్పట్లు మోసుకుంటూ తిరిగాను తెలుసా?" అన్నాను.

"తెలుసు. మూడుసార్లూ ఆమె లోపల వాషింగ్ మెషీన్ల దగ్గరే ఉందట." ఆమె తల దించుకుంది. "మేడమ్ తనంతట తాను నా గురించి అడిగితేనే చెప్పు, లేకపోతే వద్దు అని మాట తీసుకుంది. మీరు అడుగుతారని చూశాను."

"నన్ను చూసి దాక్కోవడం దేనికి? నేనేం చేశాను? అన్నీ సరిగ్గా చెప్పానే!"

"అన్నీ సరిగ్గానే చెప్పారట. ఒక్కటి కూడా మరిచిపోలేదు." అత్తగారి కోసం పెంచిన ఆమె గొంతు మళ్ళీ మామూలుకు దిగింది. "వచ్చినప్పుడల్లా లేచేముందు మీరు ఆమె పొట్ట మీద చెయ్యి వేసి, లోపల అల్లరి చెయ్యకు అని బిడ్డకు చెప్పేవారటగా. ఆ రోజు వెయ్యలేదట. మేడమ్‌కి కూడా నేనంటే భయం వేసింది అక్కా, ఇక ఎవరికి వెయ్యదు అని ఏడ్చింది."

గుర్తు తెచ్చుకోవడానికి ఎంతో ప్రయత్నించాను. సూది గుచ్చేటప్పుడు చేతికి గ్లౌజు ఉంది. ఆ తర్వాత తీశాను. మాత్రలు లెక్కపెట్టాను. చెయ్యి వేశానా? గుర్తు రాలేదు. వెయ్యకపోతే ఎందుకు వెయ్యలేదు? భయపడ్డానా, తొందరపడ్డానా, లేక తెర అవతల మనిషి వింటోందేమో, ఎంత బాగా చెబుతున్నానో వినాలి అన్న ధ్యాసలో పడిపోయానా? మూడోదే అయి ఉండాలని ఇప్పటికీ కోరుకుంటున్నాను. పంతొమ్మిదేళ్ళ నర్సును నేను, భయపడ్డానంటే నన్ను నేను క్షమించుకోలేను.

"మీరు నన్ను అడగొచ్చుగా" అన్నాను. "జాబితాలో ఆ నంబరేదీ అని. మీకు తెలుసు కదా రాయలేదని."

ఆమె అత్తగారి మాత్రల డబ్బాకు మూత పెట్టింది. తర్వాత అంది.

"అడగాలి. అడగబుద్ధి కాలేదు మేడమ్. ఆ పిల్ల నా దగ్గర కూర్చుని గంటసేపు మీ గురించే చెబుతుంది. మేడమ్ అలా అంటారు, మేడమ్ ఇలా చేస్తారు అని. మీరు తిడితే కూడా బాగుంటుందట. అందరూ నాతో కష్టం చెప్పుకుంటారు, వెళ్ళిపోతారు. మీ మీద బెంగపెట్టుకున్నట్టు నా మీద ఎవరూ పెట్టుకోరు. ఆమె వచ్చేది నా దగ్గరికే కదా, నా దగ్గరే ఉండనీ అనుకున్నాను."

పగవాళ్ళం అనుకున్నంత కాలం ఎంతో సులువుగా ఉంది. అత్తగారు నావైపు చూసి, ఎవరీమె అని కోడలిని సైగతో అడిగింది. "మా పెద్ద మేడమ్!" అని ఆమె గట్టిగా అరిచింది. కింద సైకిల్ కొట్టులో సుత్తి చప్పుడు ఒక్క క్షణం ఆగింది.

తర్వాతి మంగళవారం నేను టీకాలకు వెళ్ళలేదు, పక్క క్లినిక్ నర్సును పంపాను. ఇస్త్రీ అమ్మాయి వచ్చి నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. వెనక భర్త కూడా ఉన్నాడు. అతనికి చెప్పడానికి ఆమెకు రెండు నెలలు పట్టిందట, ఆ రోజు పరీక్షకు తీసుకొచ్చింది. నేను లేచి ఎదురెళ్ళాను. క్షమాపణలు చెప్పడం నాకు చేతకాదు. "మాత్రలు ఏ వేళకు వేసుకుంటున్నావు?" అని అడిగి, గ్లౌజు లేని చెయ్యి పొట్ట మీద వేశాను. ఆమె తల ఊపలేదు. "ఎనిమిదింటికి" అని చెప్పింది.

ఆడపిల్ల పుట్టింది. పుట్టినప్పటి నుంచి ఆరు వారాలు చుక్కల మందు వేశారు. ఆరో వారంలో పరీక్షకు రక్తం పంపాం. ఫలితం రావడానికి ఇంకొన్ని రోజులు పట్టింది. ఆ రోజుల్లో మేమిద్దరం ఒకరికొకరం ఏమీ అనకుండా, టపా వచ్చే వేళకు ఒకేసారి గుమ్మం వైపు చూసేవాళ్ళం.

కవరు వచ్చిన రోజు ఆమె స్టోరులో ఉంది. నేనే విప్పాను. చదివాను. మళ్ళీ చదివాను. మడిచి జేబులో పెట్టుకుని, ఆమె తిరిగొస్తే "ఇంకా రాలేదు" అని అబద్ధం చెప్పాను. ఈ ఒక్క మాట నేనే చెప్పాలి. కష్టమైన మాట చెప్పి చెడగొట్టాను, మంచి మాటైనా నా నోట వినాలి ఆ పిల్ల. ఫోను చేస్తే పదింటికి వస్తానన్న మనిషి పన్నెండు దాకా రాలేదు, ఆ రెండు గంటలూ జేబు మీంచి చెయ్యి తియ్యలేదు.

వచ్చింది. నా కుర్చీ ఆమెకిచ్చి, స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాను. పెన్ను ముట్టుకోలేదు.

"బిడ్డకు లేదు" అన్నాను.

"మళ్ళీ చెప్పండి మేడమ్."

"బిడ్డకు హెచ్.ఐ.వి. లేదు. ఏడాదిన్నర వయసు దాకా ఇంకా పరీక్షలు ఉంటాయి, నువ్వు మాత్రలు మానకూడదు, కానీ ఇవాళ్టికి..."

ఆమె మిగతాది వినలేదు. లేచింది. బిడ్డను నా ఒళ్ళో పెట్టేసి, తెర పక్కకు లాగి అటు వెళ్ళింది. "అక్కా" అన్న ఒక్క మాట వినబడింది, తర్వాత ఏడుపు. కాసేపటికి రెండో గొంతు కూడా కలిసింది. గోడ వైపు బల్ల నుంచి అంత పెద్ద చప్పుడు ఎప్పుడూ రాలేదు. బయట వరసలో వాళ్ళు లోపలికి తొంగి చూస్తుంటే నేను కళ్ళెర్రజేశాను.

నేనూ లేచి వెళ్దామనుకున్నాను. పిలుస్తారేమోనని చూశాను. పిలవలేదు. ఏడవడానికి ఆ పిల్లకు ఆమె కావాలి. బిడ్డను మాత్రం ఎవరికివ్వాలా అని అటూ ఇటూ చూడలేదు, నాకిచ్చింది. రెండు నెలల పిల్ల, బరువు బాగానే ఉంది, నా చేతిలో నిద్రపోతోంది. కదిలితే లేస్తుందని కదలకుండా, తెర అవతల నా మాట ఏమైనా వస్తుందేమోనని వింటూ కూర్చున్నాను.